భార్యాబిడ్డల వలస వీసాకు ఐ-864: ఊరి ఆస్తి కాదు, అక్కడి ఆదాయం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అమెరికా వీసా అనగానే చాలా ఇళ్ళలో గుర్తుకొచ్చేది పిల్లవాడిని ఎం.ఎస్. చదువుకు పంపిన రోజులు. తండ్రి పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు, బ్యాంకువారి విద్యారుణ మంజూరు పత్రం, పొలం దస్తావేజులు, వాటన్నిటి విలువ కలిపి ఛార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చిన ధ్రువపత్రం చేర్చి అప్పట్లో ఒక ఫైలు కట్టారు, ఆ ఫైలు పని చేసింది. ఏళ్ళు గడిచి, ఆ కుర్రవాడు ఉద్యోగంలో కుదురుకుని, గ్రీన్‌కార్డో పౌరసత్వమో తెచ్చుకుని, ఇక్కడ ఉన్న భార్యను, బిడ్డను శాశ్వతంగా తీసుకువెళ్ళడానికి దరఖాస్తు పెట్టినప్పుడు పెద్దలు అదే ఫైలును మళ్ళీ బీరువాలోంచి తీస్తారు. వలస వీసాకు ఆ ఫైలు దాదాపు పనికిరాదు. విద్యార్థి వీసాలో చదువు ఖర్చుకు డబ్బు ఎక్కడిదని అడుగుతారు. వలస వీసాలో మాత్రం, వచ్చేవాళ్ళను పోషించే మనిషి ఎవరు, అతనికి అమెరికాలో ఏటా ఎంత ఆదాయం వస్తున్నది అని అడుగుతారు. సోంపేట పక్కన ఎన్ని ఎకరాల కొబ్బరితోట ఉన్నా, పలాసలో ఎంత జీడితోట ఉన్నా అది ఆ ప్రశ్నకు నేరుగా జవాబు కాదు. ఏ పరిస్థితిలో, ఎంతవరకు జవాబు కాగలదో తరువాత చెప్పుకుందాం.

ఈ పత్రం స్వభావం

ఆ జవాబును రాసి ఇచ్చే ఫారం పేరు ఐ-864. దీన్ని పోషణ హామీ పత్రం అనవచ్చు. అమెరికాలో 1996లో చేసిన చట్టం మేరకు 1997 డిసెంబరు 19 నుంచి కుటుంబ వలస వీసాలకు ఇది తప్పనిసరి అయింది. పేరులో హామీ అని ఉన్నా ఇది అమెరికా ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం. వచ్చిన వ్యక్తి పేదలకిచ్చే ప్రభుత్వ సహాయం ఏదైనా తీసుకుంటే, ఆ సొమ్మును సంతకం చేసినవారి దగ్గర వసూలు చేసే హక్కు ఆ సహాయం ఇచ్చిన సంస్థకు ఉంటుంది. పోషణ అందకపోతే వచ్చిన వ్యక్తి కూడా కోర్టుకు వెళ్ళవచ్చు. వచ్చినవారు అమెరికా పౌరులు కావడమో, 40 త్రైమాసికాల పని వారి ఖాతాలో జమ కావడమో, శాశ్వత నివాస హక్కు వదులుకుని దేశం విడిచిపోవడమో, మరణించడమో జరిగేవరకు ఈ బాధ్యత తీరదు. విడాకులు తీసుకున్నా తీరదు. ఇది తెలియక, భార్యాభర్తలు విడిపోయాక కూడా హామీ నిలిచి ఉందని తెలిసి ఆశ్చర్యపోయినవారు ఉన్నారు.

ఇక్కడే రెండు పొరపాట్లు చెప్పాలి. మొదటిది, ఐ-134 అనే మరో ఫారాన్ని దీనితో కలిపేయడం. అది పెళ్ళికి ముందు వచ్చే కాబోయే భార్య వంటివారికి, తాత్కాలిక వీసాలకు వాడేది. పెళ్ళయి, వలస వీసా మీద వెళ్ళే భార్యాబిడ్డలకు అది చెల్లదు. రెండవది స్టాంపు కాగితం. మనకు ఏ హామీ అయినా నాన్‌జ్యుడీషియల్ స్టాంపు మీద టైపు చేయించి నోటరీ ముద్ర వేయిస్తేనే నమ్మకం. మా బంధువుల ఇంట ఒక కేసులో, ఫారాలు నింపిపెట్టే ఒకాయన భర్త పంపిన వివరాలన్నీ ఒక స్టాంపు కాగితం మీద చక్కని ఇంగ్లిషులో రాయించి, నోటరీ చేయించి, అసలు ఫారం బదులు దాన్ని ఎక్కించాడు. అది తిరిగి వచ్చి, సరిదిద్దేసరికి రెండు నెలలు గడిచాయి. ఐ-864కు నోటరీ అవసరం లేదు. అబద్ధం చెబితే శిక్షార్హుడినని ఒప్పుకుంటూ ఫారంలో చూపిన చోట సంతకం చేస్తే చాలు. ఆ సంతకం మాత్రం కలంతో చేసినదై ఉండాలి. పేరు టైపు చేసి సంతకం అనిపించుకోవడం కుదరదు.

సంతకం చేసేది ఎవరు, ఎన్ని ఫారాలు

కుటుంబ సభ్యులను తెచ్చుకోవడానికి మొదట వేసే ఐ-130 దరఖాస్తు పెట్టినవారే, అంటే సాధారణంగా అమెరికాలో ఉన్న భర్త లేదా భార్య, ఐ-864 మీద కూడా సంతకం చేయాలి. ఆదాయం సరిపోకపోయినా, వేరొకరు తోడు సంతకం చేస్తున్నా, ఈ వ్యక్తి సంతకం తప్పదు. వయసు 18 నిండి ఉండాలి, పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి ఉండాలి, నివాసం అమెరికాలో ఉండాలి. పౌరసత్వం వచ్చాక తల్లిదండ్రుల దగ్గర ఉందామని విశాఖపట్నానికో విజయనగరానికో వచ్చి రెండు మూడేళ్ళుగా ఇక్కడి నుంచే పని చేస్తున్నవారు ఈ మూడో నిబంధన దగ్గర చిక్కుకుంటారు. అలాంటివారు భార్యాబిడ్డలకంటే ముందో, వారితో కలిసో అమెరికాలో మళ్ళీ కాపురం పెట్టబోతున్నట్టు ఆధారాలు చూపాలి. అక్కడి ఉద్యోగ నియామక పత్రం, అద్దె ఒప్పందం, బిడ్డను బడిలో చేర్చడానికి పెట్టిన దరఖాస్తు, నడుస్తున్న బ్యాంకు ఖాతా వంటివి ఇందుకు పనికొస్తాయి. ఇక్కడి ఉద్యోగం అక్కడికి వెళ్ళగానే మానేసేదైతే దాని జీతం లెక్కలోకి రాదని కూడా గుర్తుంచుకోవాలి.

ఎన్ని ఫారాలు కావాలన్నది, పెట్టినవారు పౌరులా గ్రీన్‌కార్డుదారులా అన్నదాని మీద ఆధారపడుతుంది. గ్రీన్‌కార్డుదారు భార్యకు పెట్టిన దరఖాస్తులోనే 21 ఏళ్ళలోపు, పెళ్ళికాని బిడ్డ కూడా చేరుతుంది. ఒకే ఐ-864లో ఇద్దరి పేర్లూ రాస్తే సరిపోతుంది. బిడ్డ తల్లితోపాటుగా లేదా ఆరు నెలల్లోపు వెళ్ళకపోతే, ఆ బిడ్డకు తరువాత వేరే ఐ-864 ఇవ్వాలి. పౌరుల విషయంలో ఇలా కాదు. భార్యకు ఒక ఐ-130, ప్రతి బిడ్డకు విడిగా ఒక ఐ-130 పెట్టాలి, హామీ పత్రం కూడా దేనికది వేరుగా ఉండాలి.

ఈ తేడా తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. గ్రీన్‌కార్డు మీద భార్యకు దరఖాస్తు పెట్టి, బిడ్డ దానిలోనే ఉందన్న ధైర్యంతో ఎదురుచూస్తున్న మనిషి, మధ్యలో పౌరసత్వ పరీక్ష పూర్తి చేసి ప్రమాణం చేస్తాడు. భార్య కేసు పౌరుడి భార్య కేసుగా మారి వేగం పుంజుకుంటుంది, బిడ్డ మాత్రం ఆ కేసులోంచి జారిపోతుంది. పౌరుడి భార్యను అంటిపెట్టుకుని బిడ్డ రావడమనే పద్ధతి ఆ వర్గంలో లేదు. కాబట్టి ప్రమాణం చేయబోయేవారు బిడ్డకు విడి ఐ-130 వేయడం మరచిపోకూడదు. ఇంటర్వ్యూ తారీఖు వచ్చాక తల్లి ఒక్కదానికే వీసా ఉందని తెలిసే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

మరో రెండు మాటలు. బిడ్డ పుట్టేనాటికే తండ్రో తల్లో అమెరికా పౌరులై, చట్టం అడిగినంత కాలం అక్కడ నివసించి ఉంటే, ఆ బిడ్డకు వీసా అవసరమే లేకపోవచ్చు, ఎందుకంటే పుట్టుకతోనే పౌరుడై ఉండవచ్చు. అది ముందు తేల్చుకోవాలి. బిడ్డ పుట్టాక తల్లికో తండ్రికో పౌరసత్వం వచ్చినదైతే, 18 ఏళ్ళలోపు సొంత బిడ్డ వలస వీసా మీద వెళ్ళి, పౌరుడైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో నివసించగానే, 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం తనంతట తానే పౌరుడవుతాడు. అలాంటి బిడ్డకు ఐ-864 నుంచి మినహాయింపు ఉంది. మినహాయింపు ఉంది కదా అని ఆ గడిని ఖాళీగా వదిలేయరాదు. మినహాయింపు కోరుతున్న సంగతిని కాగితం మీద తెలపాలి.

ఇంటి లెక్క

ఆదాయం ఎంత ఉండాలన్నది ఇంట్లో ఎందరన్న లెక్క మీద నిలుస్తుంది. అమెరికా ఆరోగ్య శాఖ ఏటా జనవరిలో ప్రకటించే పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం ఉండాలి. సైన్యంలో క్రియాశీల విధుల్లో ఉన్నవారు భార్యాబిడ్డలకు పెట్టినప్పుడు 100 శాతం చాలు. 2025 సంవత్సరపు లెక్క ప్రకారం, అలాస్కా, హవాయి తప్ప మిగిలిన రాష్ట్రాల్లో, ఇద్దరున్న ఇంటికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187, అయిదుగురికి 47,062 డాలర్లు కావలసి వచ్చింది. ఏ ఏడాది లెక్క వర్తిస్తుందో ఐ-864పి అనే పట్టికలో చూసుకోవాలి. నిరుడు ఎవరికో సరిపోయిన అంకె ఈ ఏడు మనకు సరిపోకపోవచ్చు.

ఇంటి లెక్కలో సంతకం చేసేవారు, వారి భార్య లేదా భర్త, 21 ఏళ్ళలోపు పెళ్ళికాని పిల్లలు, పన్ను పత్రంలో ఆధారపడినవారిగా చూపిన ప్రతివారు, ఇప్పుడు వీసా కోరుతున్నవారు, ఇంతకుముందు ఐ-864 మీద తెచ్చుకుని ఆ బాధ్యత ఇంకా తీరనివారు చేరతారు. ఎవరినీ రెండుసార్లు లెక్కపెట్టరాదు. వీసా కోరుతున్న భార్య భార్యగానూ, వలస వచ్చే మనిషిగానూ కనిపిస్తుంది కాబట్టి కొందరు ఆమెను రెండు గడుల్లోనూ రాసి, తమ ఇంటిని తామే పెంచుకుంటారు.

అమెరికాలో ఒంటరిగా ఉంటున్న ఒక పౌరుడు టెక్కలిలో ఉన్న భార్యకు, బిడ్డకు పెట్టాడనుకుందాం. ఇల్లు ముగ్గురిది. కాని అతను నాలుగేళ్ళ కిందట తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు తెప్పించి, వారు ఇంకా పౌరులు కాలేదనుకుంటే ఇల్లు అయిదుగురిదవుతుంది. వాళ్ళు ఏడాదిలో సగం రోజులు ఊళ్ళోనే ఉంటున్నా ఈ లెక్క మారదు. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. తల్లిదండ్రులు ఎప్పుడూ ఊళ్ళోనే ఉండి, కొడుకు నెలనెలా డబ్బు పంపుతూ ఉంటే వారు ఈ లెక్కలోకి రారు. అమెరికా పౌరులు కాక, భారతదేశంలో నివసించేవారిని అక్కడి పన్ను పత్రంలో ఆధారపడినవారిగా చూపే వీలు లేదు. పన్ను పత్రంలో ఎవరినైనా అలా చూపి ఉంటే, ముందు దాన్ని సరిదిద్దుకోవడం మంచిది.

పన్ను పత్రాలు

ఎక్కువ కేసులు ఆగేది ఆదాయం చాలక కాదు, ఆదాయాన్ని చూపే కాగితాలు ఒకదానితో ఒకటి పొసగక. ఐ-864లో ప్రస్తుత వార్షిక ఆదాయం రాయాలి, కిందటి పన్ను సంవత్సరపు మొత్తం ఆదాయం కూడా రాయాలి. మొదటిది ఇవాళ్టి ఉద్యోగం ఏడాదికి ఇచ్చే జీతం, రెండవది అమెరికా పన్ను శాఖ అయిన ఐఆర్‌ఎస్ దగ్గర దాఖలైన 1040 అనే పన్ను ఫారంలో ఉన్న అంకె. రెండూ వేరుగా ఉండటం తప్పు కాదు. కాని రెండవది పన్ను పత్రంలో ఉన్నట్టే ఉండాలి, మొదటిదానికి యజమాని ఉత్తరం, జీతపు రసీదులు సాక్ష్యం పలకాలి. ఉద్యోగం మారి జీతం పెరిగినవారు ఆరు నెలల జీతపు రసీదులు, ఉద్యోగం ఎప్పటినుంచి, ఏడాదికి ఎంత అని స్పష్టంగా రాసిన ఉత్తరం జతచేస్తే ప్రశ్న రాదు.

పన్నుకు ఆధారంగా ఐఆర్‌ఎస్ వెబ్‌సైటు నుంచి తీసుకున్న ట్యాక్స్ రిటర్న్ ట్రాన్‌స్క్రిప్ట్ అన్నిటికంటే మేలు. అది లేకపోతే 1040 ఫారంతో పాటు యజమాని ఇచ్చే జీతపు వివరమైన డబ్ల్యూ-2లు, ఇతర ఆదాయాన్ని చూపే 1099లు, అన్ని షెడ్యూళ్ళు పెట్టాలి. అకౌంటెంటు ఇచ్చిన పత్రంలో మొదటి రెండు పేజీలు మాత్రమే స్కాన్ చేసి పంపడం తరచూ జరిగే లోపం. అమెరికాలో పెట్రోలు బంకో, మోటెలో, కిరాణా దుకాణమో నడిపేవారికి మరో చిక్కు ఉంటుంది. దుకాణంలో నెలకు వేల డాలర్లు చేతులు మారుతున్నా, ఖర్చులు, తరుగుదల తీసేశాక పన్ను పత్రంలో మిగిలినదే వారి ఆదాయం. పన్ను తగ్గించుకోవడానికి ఏడాదంతా తగ్గించి చూపిన అంకె, భార్యను తీసుకువెళ్ళే ఏడాది అడ్డం తిరుగుతుంది. ఐ-130 వేసిన నాడే అకౌంటెంటుతో ఈ మాట చెప్పి ఉంచడం వివేకం.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది పెళ్ళి సంగతి. అమెరికా పన్ను చట్టంలో డిసెంబరు 31 నాటికి పెళ్ళయి ఉన్నవారు ఆ ఏడాది మొత్తానికీ పెళ్ళయినవారే. మన పెళ్ళిళ్ళు కార్తీక, మార్గశిర మాసాల్లో ఎక్కువ. డిసెంబరు మొదటి వారంలో సెలవు మీద వచ్చి, బొబ్బిలిలోనో నరసన్నపేటలోనో పెళ్ళి చేసుకుని తిరిగి వెళ్ళిన వరుడు, ఏప్రిల్‌లో పన్ను దాఖలు చేసేటప్పుడు భార్య ఇంకా ఇక్కడే ఉంది కదా అని అలవాటుగా సింగిల్ అని టిక్కు పెడతాడు. మరి పెళ్ళి ధ్రువపత్రంలో డిసెంబరు తారీఖు ఉంటుంది, పన్ను పత్రంలో పెళ్ళి కాలేదని ఉంటుంది. ఆ రెండూ ఒకే ఫైలులో పక్కపక్కన కూర్చుంటే అధికారి దేన్ని నమ్మాలి? ఇలా చేసినవారు 1040-ఎక్స్ ద్వారా పత్రాన్ని సవరించుకుని, సవరించిన నకలును జతచేయాలి. బిడ్డ భారతదేశంలో తల్లి దగ్గర ఉండగా హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అని దాఖలు చేయడం కూడా ఇలాంటిదే, ఎందుకంటే ఆ హోదాకు బిడ్డ ఏడాదిలో సగం కంటే ఎక్కువ కాలం వారింట్లో ఉండి ఉండాలి.

పెళ్ళయి భార్య ఇక్కడ ఉన్నవారికి సాధారణంగా రెండు మార్గాలు ఉంటాయి. వేరుగా దాఖలు చేసే మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ ఒకటి. భార్యకు డబ్ల్యూ-7 ఫారం ద్వారా ఐటీఐఎన్ అనే పన్ను గుర్తింపు సంఖ్య తెప్పించి కలిపి దాఖలు చేయడం రెండవది. కలిపి దాఖలు చేసేటప్పుడు ఇక్కడ భార్యకు వచ్చే జీతం, బ్యాంకు వడ్డీ కూడా అమెరికా పన్ను లెక్కలోకి వస్తాయి కాబట్టి, పన్ను తగ్గుతుందన్న ఒక్క కారణానికే ఆ దారి పట్టకూడదు.

తోడు సంతకం

ఆదాయం సరిపోనప్పుడు మొదట చూడవలసింది పొలం వైపు కాదు, తోడు హామీదారు వైపు. జాయింట్ స్పాన్సర్ అనే ఈ వ్యక్తి బంధువు కానక్కర లేదు. కాని పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి, అమెరికాలో నివసిస్తూ, తన ఇంటివారినీ, కొత్తగా వచ్చేవారినీ కలిపి లెక్కేసిన 125 శాతాన్ని భర్త ఆదాయంతో పనిలేకుండా దాటాలి. తన ఆదాయంలో కొంత, భర్త ఆదాయంలో కొంత కలిపి చూపడం తోడు హామీదారుకు కుదరదు. భర్తతో ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల ఆదాయాన్ని కలుపుకోవాలంటే దానికి ఐ-864ఎ అనే వేరే పత్రం ఉంది. హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్న బావమరిది ఎంత పెద్ద జీతం తీసుకుంటున్నా తోడు హామీదారు కాలేడు. సోంపేటలోనో సాలూరులోనో ఉన్న మామగారు ఎంత ఆస్తిపరులైనా కాలేరు, ఆయన రాసిచ్చే ఏ హామీ పత్రానికీ ఈ కేసులో విలువ లేదు.

తోడు సంతకం అడిగే పద్ధతి గురించి ఒక మాట. కాగితం చూపించకుండా, కేవలం సంతకమే, ఏమీ కాదు అని ఫోనులో చెప్పి ఒప్పించడం మర్యాద కాదు. రేపు ఆ వ్యక్తి తన తల్లిదండ్రులకు పెట్టుకునేటప్పుడు మన భార్యాబిడ్డలు అతని ఇంటి లెక్కలో చేరతారు, ఆ సంగతి ముందే చెప్పాలి. అతని మూడు కాగితాలు తప్పక కావాలి: పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డుకు రుజువు, పన్ను ట్రాన్‌స్క్రిప్ట్, జీతపు ఆధారం.

పొలం, ఇల్లు, డిపాజిట్లు

ఇక ఆస్తి సంగతి. ఆదాయానికి, కావలసిన అంకెకు మధ్య తేడా ఉన్నప్పుడు ఆస్తి దానికి ఆసరా కాగలదు, ఆదాయానికి పూర్తి బదులుగా నిలవడం అరుదు. పౌరులు భార్యకో భర్తకో, 18 నిండిన బిడ్డకో పెట్టినప్పుడు ఆస్తి ఆ తేడాకు మూడింతలు ఉండాలి. మిగిలిన చాలా కేసుల్లో, అంటే గ్రీన్‌కార్డుదారుల విషయంలోనూ, పౌరుల చిన్న బిడ్డల విషయంలోనూ, అయిదింతలు ఉండాలి. ముగ్గురున్న ఇంటికి 33,312 కావలసిన చోట ఆదాయం 25,312 ఉందనుకుంటే తేడా 8,000 డాలర్లు. పౌరుడి భార్యకు 24,000 డాలర్ల ఆస్తి చాలు, గ్రీన్‌కార్డుదారు అదే కేసులో 40,000 చూపాలి.

ఆస్తి సంతకం చేసేవారిదో, వీసా కోరుతున్న వారిదో అయి ఉండాలి. ఏడాదిలోపు నగదుగా మార్చుకునే వీలుండాలి, మారిన డబ్బును దేశం దాటించే వీలుండాలి. ఈ చివరి రెండు షరతుల దగ్గరే మన జిల్లాల ఆస్తులు చాలావరకు నిలవవు.

జిరాయితీ భూమి, పేరు మీద పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్ స్పష్టంగా ఉంటే చూపవచ్చు. డి-పట్టా భూమి, రిజిస్ట్రేషన్ల శాఖ 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్న భూమి ఏడాదిలో అమ్ముడుపోతుందని చెప్పలేం కాబట్టి వాటిని ఫైలులో పెట్టకపోవడమే మంచిది. సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు ఏజెన్సీ గ్రామాల్లో ఉన్న భూమి మీద 1/70 నిబంధన ఉంది, గిరిజనేతరులకు బదిలీ చెల్లదు. ఉమ్మడి ఆస్తి అయితే భాగపత్రం రిజిస్టరు కానిదే ఎవరి వాటా ఎంతో తేలదు. అన్నదమ్ములు ముగ్గురి పేరున ఉన్న ఇంటి మొత్తం విలువను ఒక్కరి ఆస్తిగా రాయడం నిజం కాదు.

చూపదలచిన ఆస్తికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీ తీసుకుని, దాని మీద పంటరుణమో, గృహరుణమో ఉంటే ఆ బాకీ తీసివేసి మిగిలిన విలువనే రాయాలి. విలువను రిజిస్టర్డ్ వాల్యుయర్ ఇచ్చిన నివేదికతో చూపాలి. ఊళ్ళో ఎకరం ఇంత పలుకుతున్నదన్న మాట ఆధారం కాదు. తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఇంగ్లిషు అనువాదం, రెండు భాషలూ తెలిసి సరిగ్గా అనువదించానని అనువాదకుడు రాసిన సంతకం జతచేయాలి.

డబ్బు దేశం దాటే దారి కూడా కాగితంలో కనబడాలి. ప్రవాస భారతీయులు తమ ఎన్ఆర్‌ఓ ఖాతా నుంచి, పన్ను చెల్లించిన రుజువుతో, ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు బయటకు పంపుకోవచ్చు. ఇక్కడ నివసిస్తున్న భార్య తన పేరున ఉన్న సొమ్మును లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపుకోవచ్చు. అందుకే ఈ కేసుల్లో పదెకరాల మెట్టకంటే భార్య పేరున ఏడాదిగా ఉన్న ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎక్కువ పనిచేస్తుంది. ఇంటర్వ్యూకు నెల ముందు మామగారు వేసిన పెద్ద మొత్తాన్ని మాత్రం అధికారి అప్పు సొమ్ముగా అనుమానిస్తే తప్పుపట్టలేం. ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందో చూపే పన్నెండు నెలల ఖాతా వివరం దగ్గర ఉండాలి.

ఎక్కించడం, ముంబై

ఐ-130 ఆమోదం పొందాక కేసు నేషనల్ వీసా సెంటర్‌కు, అంటే ఎన్‌వీసీకి చేరుతుంది. అక్కడి నుంచి ముంబై కేసులకు బీఎంబీతో మొదలయ్యే సంఖ్య, దానితో ఒక ఇన్‌వాయిస్ సంఖ్య వస్తాయి. వాటితో ఆన్‌లైన్ ఖాతా తెరిచి, హామీ పత్రం పరిశీలనకు 120 డాలర్లు, వీసా దరఖాస్తుకు మనిషికి 325 డాలర్లు కట్టాలి. ఆ రుసుం అమెరికా బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి కాబట్టి ఆ పని అక్కడున్నవారిది. రుసుం జమ అయ్యాక డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఒక్కొక్కరికీ నింపి, ఐ-864, దాని ఆధారాలు, పౌర పత్రాలు స్కాన్ చేసి ఎక్కించాలి. ఫారం కింద ఉన్న ఎడిషన్ తేదీ ఇప్పటిదో కాదో చూసుకుని, పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి, ఒకే పీడీఎఫ్‌గా చేయాలి. వర్తించని ప్రశ్నకు వర్తించదని రాయడం ఖాళీ వదలడం కంటే మేలు.

పేర్ల విషయంలో మన ఇంటిపేర్లు తెచ్చే తలనొప్పి తెలిసిందే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవారి వీసా కాగితాల్లో పేరంతా ఒక గడిలోకి పోయి, రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. ఐ-864లో భార్య పేరు, బిడ్డ పేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాయాలి. పెళ్ళి ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే సవరణ ముందు, ఎక్కింపు తరువాత.

ఎన్‌వీసీ నుంచి వచ్చిన తాఖీదుకు ఏడాదిపాటు ఏ స్పందనా ఇవ్వకపోతే కేసు రద్దు దిశగా నడుస్తుంది. భర్త ఉద్యోగం పోయిన సందర్భంలో కూడా ఖాతాలోకి అప్పుడప్పుడు వెళ్ళి సందేశం పంపుతూ ఉండాలి.

వలస వీసా ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో జరగదు. బీఎంబీ కేసులు ముంబై కాన్సులేట్‌కు వెళతాయి. శ్రీకాకుళం రోడ్, విజయనగరం స్టేషన్లలో ఆగే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ముంబైకి నేరుగా వెళుతుంది. చిన్న బిడ్డతో వెళ్ళేవారికి వైద్యపరీక్ష, వేలిముద్రలు, ఇంటర్వ్యూ మూడూ ఒకే ప్రయాణంలో పూర్తయ్యేలా తేదీలు చూసుకోవడం ప్రయోజనకరం. ఎక్కించిన పత్రాలకు తోడు భర్త ఇటీవలి జీతపు రసీదులు, కొత్త తేదీతో యజమాని ఉత్తరం తీసుకువెళ్ళాలి. ఏప్రిల్ 15 దాటాక ఇంటర్వ్యూ ఉంటే, ఆ మధ్య దాఖలు చేసిన కొత్త పన్ను ట్రాన్‌స్క్రిప్ట్ కూడా ఉండాలి. ఐ-864 మీద సంతకం ఏడాది కిందటిదైనా పత్రం దానంతట అది చెల్లకుండా పోదు, కాని అందులోని ఆదాయం ఇవాళ కూడా ఉందా అని అధికారి అడగవచ్చు. ఏదైనా లోపం ఉంటే 221(జి) అని రాసిన చీటీ ఇస్తారు. అది తిరస్కారం కాదనుకుని తేలికగా తీసుకోకుండా, అందులో అడిగిన కాగితాన్ని, అదే కాగితాన్ని, చెప్పిన పద్ధతిలో అందజేయాలి.

వీసా ముద్ర పడ్డాక ప్రయాణానికి ముందు ఒక్కొక్కరికి 235 డాలర్ల ఇమిగ్రెంట్ రుసుం ఆన్‌లైన్‌లో కట్టాలి. భార్యాబిడ్డలు అక్కడ దిగాక భర్త ఇల్లు మారితే, 30 రోజుల్లోపు ఐ-865 ఫారంలో కొత్త చిరునామా తెలియజేయాలి. తోడు సంతకం చేసినవారికి కూడా ఇదే నిబంధన వర్తిస్తుంది కనుక, వారు ఇల్లు మారుతున్నట్టు తెలిసిన రోజున ఈ ఫారం సంగతి గుర్తుచేయడం వారి సంతకం తీసుకున్నవారి పని.